తలుపు కొట్టింది ఎవరు?

రాత్రి పదకొండున్నర. అమెరికాలో ఏదో ఒక యూనివర్సిటీ డార్మ్. రేపటి అసైన్‌మెంట్ ముందేసుకుని కూర్చున్నారు మీరు. తలుపు మీద గట్టిగా మూడు దెబ్బలు. "యూనివర్సిటీ పోలీస్. మైండ్ ఇఫ్ వి కమ్ ఇన్?"

మీరేం చేస్తారు?

మనవాళ్లలో చాలామంది గబగబా లేచి, తలుపు బార్లా తీసి, "ప్లీజ్ సర్" అంటూ పక్కకి తప్పుకుంటారు. వాళ్లని తప్పుపట్టలేం. మనం పెరిగిన తీరు అది. ఇంటర్ హాస్టల్లో గానీ, ఇంజినీరింగ్ హాస్టల్లో గానీ వార్డెన్ ఎప్పుడైనా రావచ్చు, పెట్టె తెరిపించవచ్చు, పరుపు ఎత్తి చూడవచ్చు, ఫోను తీసుకుపోవచ్చు. కిమ్మనకుండా నిలబడటమే మంచి పిల్లల లక్షణం. పదిహేనేళ్ల వయసు నుంచి అలా అలవాటుపడ్డవాళ్లకి, యూనిఫాం వేసుకున్న మనిషి అడిగితే కాదనవచ్చన్న ఆలోచనే రాదు.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఆ పోలీసు ఎందుకు అడుగుతున్నాడు? నేరుగా లోపలికి రావచ్చుగా? మామూలు పరిస్థితుల్లో మీ గదిలో అడుగు పెట్టాలంటే అతనికి జడ్జి సంతకం పెట్టిన వారెంట్ కావాలి, లేదంటే మీ అనుమతి కావాలి. వారెంట్ కావాలంటే జడ్జిని ఒప్పించాలి, కారణం చూపించాలి, ప్రమాణం చేసి చెప్పాలి. మీ అనుమతికైతే మీ మొహమాటం చాలు. ఈ అధ్యాయమంతా ఆ మొహమాటం గురించే.

"నేను అక్కడి పౌరుణ్ణి కాదు కదా, నాకేం హక్కులుంటాయి?" అని అడుగుతారేమో. ఉంటాయి. అకారణ సోదాల నుంచి రక్షణ ఇచ్చే నాలుగో సవరణ 1791లో అమెరికా రాజ్యాంగంలో చేరింది. అందులో ఉన్నది ప్రజల హక్కు అని. పౌరుల హక్కు అని లేదు. ఎఫ్-1 వీసా మీద చట్టబద్ధంగా వెళ్లి అక్కడ చదువుకుంటున్న మీరు ఆ రక్షణలోకి వస్తారు. డార్మ్ గది అద్దె ఇల్లంత గట్టిది కాకపోయినా, అదీ మీ ఇల్లేనని అక్కడి కోర్టులు మళ్లీ మళ్లీ చెప్పాయి.

"తప్పు చేయనివాడికి భయమెందుకు? చూసుకోమంటే పోలా?" ఇంట్లో పెద్దవాళ్లు అనే మాట ఇది. గదిలో ఉన్న ప్రతి వస్తువూ మీదేనా? రూమ్మేట్ సొరుగులో ఏముందో మీకు తెలుసా? అమ్మ ఇండియా నుంచి కట్టించి పంపిన మందుల సంచిలో ఏ బిళ్లలున్నాయో తెలుసా? 2025 ఏప్రిల్‌లో అమెరికా ఇమిగ్రేషన్ అధికారులు విదేశీ విద్యార్థుల వివరాలు ఉంచే సెవిస్ డేటాబేస్‌లో వేలమంది రికార్డులు ఒక్కసారిగా రద్దు చేశారు. వాళ్లలో భారతీయులు చాలామంది. కోర్టు కొట్టేసిన చిన్న కేసులున్నవాళ్లని, ట్రాఫిక్ కేసులవాళ్లని కూడా వదల్లేదు. దావాలు పడ్డాక ఆ నెలాఖరుకి పునరుద్ధరణ మొదలైంది గానీ, ఆ మూడు వారాలు ఆ పిల్లలు, ఇక్కడ వాళ్ల తల్లిదండ్రులు పడిన నరకం చిన్నది కాదు. పోలీసు రికార్డులో పేరు ఎక్కకపోవడమే విదేశీ విద్యార్థికి మొదటి రక్షణ.

1. ముందు ఎవరొచ్చారో తెలుసుకోండి

తలుపు తీయకుండానే అడగండి: "హూ ఈజ్ ఇట్? హౌ కెన్ ఐ హెల్ప్ యు?" తలుపుకి చూసే రంధ్రం ఉంటే చూడండి. రాగలవాళ్లు మూడు రకాలు.

మొదటివాళ్లు హౌసింగ్ సిబ్బంది. ఆర్‌ఏ అంటే రెసిడెంట్ అసిస్టెంట్. మీలాగే విద్యార్థి, మీ అంతస్తు బాధ్యత అతనిది. అతని పైన హాల్ డైరెక్టర్. రెండోవాళ్లు సెక్యూరిటీ గార్డులు. చాలాచోట్ల వీళ్లకి అరెస్టు చేసే అధికారం ఉండదు. మూడోవాళ్లు అసలు పోలీసులు. ఇక్కడే మనవాళ్లు పొరబడతారు. "క్యాంపస్ పోలీసే కదా, మన కాలేజీ వాచ్‌మన్ లాంటివాడు" అనుకుంటారు. కాదు. యేల్ యూనివర్సిటీలో 1894లోనే మొదలైన ఏర్పాటు ఇది. ఇప్పుడు పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీలన్నిటిలో దాదాపుగా ప్రమాణం చేసిన పోలీసు అధికారులే ఉంటారు. తుపాకీ ఉంటుంది, బేడీలుంటాయి, అరెస్టు చేసి కౌంటీ జైలుకి పంపగలరు. యేల్, యూనివర్సిటీ ఆఫ్ షికాగో లాంటి ప్రైవేటు సంస్థల్లోనూ చట్టం అధికారం ఇచ్చిన పోలీసులే ఉన్నారు. క్యాంపస్ పోలీసు అంటే ఊళ్లో పోలీసుతో సమానమని లెక్కపెట్టుకోండి. రాజ్యాంగం ఊళ్లో పోలీసుని ఎంత కట్టడి చేస్తుందో అతన్నీ అంతే కట్టడి చేస్తుంది.

ఆర్‌ఏ విషయంలో మరో జాగ్రత్త. కలిసి బాస్కెట్‌బాల్ ఆడతాడు, పేరు పెట్టి పిలుస్తాడు, మనకి మంచి స్నేహితుడు. అయినా అతను చూసిందీ విన్నదీ పైకి రాయడం అతని ఉద్యోగం. రాయకపోతే అతని ఉద్యోగమే పోతుంది. స్నేహం వదులుకోమనడం లేదు. గదిలో జరిగినవన్నీ అతని ముందు ఒప్పుకోకండి.

2. తనిఖీ వేరు, సోదా వేరు

ఈ తేడా అర్థమైతే సగం భయం పోతుంది. కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

డార్మ్‌లో చేరేటప్పుడు మీరు ఒక హౌసింగ్ కాంట్రాక్టు మీద సంతకం పెట్టారు. చదివారా? చదివినవాళ్లు తక్కువే. సెలవుల ముందు భద్రతా తనిఖీ, కుళాయి కారితే మరమ్మతు, ఫైర్ అలారం మోగితే ప్రవేశం లాంటి వాటికి సిబ్బంది మీ గదిలోకి రావచ్చని అందులో ఉంటుంది. సాధారణంగా తనిఖీకి ముందుగా చెబుతారు. ఇది యూనివర్సిటీ హక్కు. దీనికి అడ్డుపడటం కాంట్రాక్టుని కాదనడమే అవుతుంది. మరి ఆ హక్కుని పోలీసులు అరువు తెచ్చుకోవచ్చా?

1968 ఫిబ్రవరిలో అలబామాలోని ట్రాయ్ స్టేట్ యూనివర్సిటీలో సరిగ్గా ఇదే జరిగింది. మత్తుమందుల కేసులు చూసే అధికారులు డీన్ దగ్గరికి వెళ్లారు. గదుల్ని తనిఖీ చేసే హక్కు కాలేజీకి ఉందన్న నిబంధన పట్టుకుని, వారెంట్ లేకుండా విద్యార్థుల గదులు సోదా చేశారు. గంజాయి దొరికింది. ఇద్దరు విద్యార్థులకి జైలు శిక్ష పడింది. వాళ్లు ఫెడరల్ కోర్టుకి వెళితే 1971లో అప్పీలు కోర్టు తేల్చింది: తనిఖీ నిబంధన కాలేజీ క్రమశిక్షణ కోసం, చదువుకునే వాతావరణం కోసం. క్రిమినల్ కేసుకి సాక్ష్యాలు వెతకడానికి దాన్ని వాడకూడదు. విద్యార్థి తరఫున అనుమతి ఇచ్చే అధికారం కాలేజీకి లేదు.

ఇందులో మీరు తప్పకుండా గుర్తుంచుకోవాల్సిన రెండో సగం ఉంది. ఆ సోదాల్లోనే పట్టుబడ్డ మరో విద్యార్థిని కాలేజీ సస్పెండ్ చేసింది. అతనూ కోర్టుకెక్కాడు. న్యాయమూర్తి ఫ్రాంక్ జాన్సన్ ఆ సస్పెన్షన్ సరైనదే అన్నాడు. జైలుకి పంపిన కేసులో, అప్పీలుకి ముందు కింది ఫెడరల్ కోర్టులో విద్యార్థుల పక్షం నిలిచిన న్యాయమూర్తి కూడా ఆయనే. అంటే, కోర్టులో చెల్లని సాక్ష్యం కాలేజీ క్రమశిక్షణ కమిటీ ముందు చెల్లవచ్చు. ఈ రెండు దారులూ వేరువేరని మరవకండి.

మసాచుసెట్స్‌లోని ఫిచ్‌బర్గ్ స్టేట్ కాలేజీ కేసు చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. డార్మ్‌లో పనిచేసే మనిషికి ఒకచోట పిల్లి అరుపు వినిపించింది. పెంపుడు జంతువులు నిషేధం. తనిఖీ ఉంటుందని ముందే చెప్పి, రాత్రి సిబ్బంది వచ్చారు. ఒక గదిలో అల్మారా సందులోంచి వెలుతురు కనిపిస్తే నిప్పు ప్రమాదమేమోనని తెరిచారు. లోపల దీపాల కింద ఎత్తుగా పెరిగిన రెండు గంజాయి మొక్కలు. అక్కడివరకూ వాళ్లు చేసింది న్యాయమే. తర్వాత క్యాంపస్ పోలీసుల్ని పిలిచారు. పోలీసులు వారెంట్ లేకుండా లోపలికొచ్చి, ఫొటోలు తీసి, మొక్కలు పట్టుకుపోయారు. 1996లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఆ సాక్ష్యాన్ని తోసిపుచ్చింది. సిబ్బంది రావచ్చు, చూడవచ్చు. పోలీసు గడప దాటాలంటే మాత్రం వారెంట్ కావాలి.

ప్రైవేటు యూనివర్సిటీలో చదివేవాళ్లు ఒక విషయం గమనించాలి. నాలుగో సవరణ కట్టిపడేసేది ప్రభుత్వాన్ని. ప్రైవేటు సంస్థ ఉద్యోగి తనంతట తాను గది వెతికితే ఆ సవరణ అడ్డురాదు. అక్కడ మీకు దిక్కు ఆ కాంట్రాక్టూ, విద్యార్థి హ్యాండ్‌బుక్కూ. అందుకే వాటిని ఈ వారాంతంలో చదవండి. గదిలోకి ప్రవేశం గురించి ఉన్న పేజీని ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి.

3. ఒక వాక్యం కంఠతా పట్టండి

"ఆఫీసర్, ఐ డు నాట్ కన్సెంట్ టు ఎ సర్చ్."

ఇప్పుడే పైకి అనండి. మళ్లీ అనండి. గొంతు వణకకుండా, కోపం లేకుండా, మామూలుగా అనగలిగేదాకా అద్దం ముందు అనండి. సిగ్గుపడాల్సిన పనేం లేదు. భయంలో నోటికి వచ్చేది అలవాటైన మాటే కాబట్టి ఈ మాటని ముందే అలవాటు చేసుకోవాలి.

దీనికి తోడు మరో రెండు: "డు యు హావ్ ఎ వారెంట్?" "యామ్ ఐ ఫ్రీ టు గో?" అవతలివాళ్లు ప్రశ్నలు మొదలుపెడితే ఇంకొకటి: "ఐ వాంట్ టు స్పీక్ టు ఎ లాయర్."

నిరాకరించే హక్కు మీకుందని పోలీసు చెప్పాలా? అక్కర్లేదు. 1973లోనే అమెరికా సుప్రీంకోర్టు ఆ మాట తేల్చేసింది. అనుమతి బలవంతం లేకుండా ఇచ్చి ఉంటే చాలు, కాదనవచ్చని మీకు తెలియకపోయినా అది చెల్లుతుంది. అందుకే తెలుసుకోవడం మీ బాధ్యతైంది.

ఇక్కడ మనవాళ్లు చేసే పొరపాట్లు కొన్ని ఉన్నాయి.

మొదటిది, తల ఊపడం. మనం వింటున్నామని చెప్పడానికి తలాడిస్తాం, "ఓకే ఓకే" అంటాం. అవతలివాడికి అది ఒప్పుకోలు. తలుపు తీసి పక్కకి జరగడాన్ని కూడా అనుమతిగా తీసుకున్న కోర్టులున్నాయి. మాట్లాడేటప్పుడు తల కదలకుండా చూసుకోండి.

రెండోది, "మైండ్ ఇఫ్ ఐ లుక్ అరౌండ్?" అన్న ప్రశ్నకి కంగారులో "నో, నో సర్" అనడం. మీరు వద్దంటున్నామనుకుంటారు. అతనికి మాత్రం అభ్యంతరం లేదని చెప్పినట్టే. ఆ ప్రశ్నకి అవుననీ కాదనీ అనకండి. కంఠతా పట్టిన వాక్యం పూర్తిగా చెప్పండి.

మూడోది, అబద్ధం. "ఈ గది నాది కాదు", "రూమ్మేట్ ఊళ్లో లేడు" లాంటివి. మౌనంగా ఉండటం మీ హక్కు. అబద్ధం చెప్పడం కొత్త కేసు. పేరు అడిగితే నిజం పేరు చెప్పండి, యూనివర్సిటీ ఐడీ చూపండి, అక్కడ ఆగండి.

నాలుగోది, అడ్డుపడటం. వద్దన్నా లోపలికి వచ్చేశాడనుకోండి. చేయి అడ్డం పెట్టకండి, తలుపు నెట్టకండి. "ఐ డు నాట్ కన్సెంట్" అని మరోసారి, పక్క గదికి వినిపించేలా చెప్పి పక్కన నిలబడండి. అతను చేసింది తప్పయితే లాయరు కోర్టులో నిలదీస్తాడు. మీరు గుమ్మంలో పెనుగులాడితే ఆ అవకాశం పోతుంది, పైగా ప్రాణానికే ప్రమాదం.

వద్దంటే అనుమానం పెరగదా? పెరగవచ్చు. కానీ హక్కుని వాడుకున్నందుకు దాన్నే నేరానికి ఆధారంగా చూపించలేరు.

4. వారెంట్ ఉందంటే చూపించమనండి

తలుపు కింది నుంచి జారవేయమని అడగండి, లేదా రంధ్రం దగ్గర పట్టుకోమనండి. చూడాల్సినవి: జడ్జి సంతకం, తేదీ, మీ భవనం పేరూ గది నంబరూ, ఏం వెతుకుతున్నారో ఆ జాబితా. అన్నీ సరిగా ఉంటే తలుపు తీయండి. లాప్‌టాప్ కోసం ఇచ్చిన వారెంట్‌తో అగ్గిపెట్టెలో వెతకడానికి వీల్లేదు. ఏమేం పట్టుకెళ్లారో రసీదు అడగండి.

ఇమిగ్రేషన్ అధికారులు వస్తే సంతకం మరీ ముఖ్యం. వాళ్ల దగ్గర ఉండే కాగితాల మీద చాలాసార్లు జడ్జి సంతకం ఉండదు, ఆ శాఖ అధికారి సంతకమే ఉంటుంది. కోర్టు వారెంట్‌కీ దానికీ చాలా తేడా. అయితే 2025 మార్చిలో న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీ వసతి గదులు రెండింటిని ఫెడరల్ ఏజెంట్లు సోదా చేసినప్పుడు జడ్జి సంతకం చేసిన వారెంట్లతోనే వచ్చారు. కాబట్టి తలుపు తీయకుండా సంతకం ఎవరిదో చూడండి, అది జడ్జిది కాకపోతే అనుమతి లేదని చెప్పి లాయరుకి ఫోన్ చేయండి.

5. అనుమతి లేకుండా రాగలిగే సందర్భాలు

ఎవరో ప్రాణాపాయంలో ఉంటే పోలీసు ఆగనక్కర్లేదు. పార్టీలో స్నేహితుడు స్పృహ తప్పి పడిపోయాడు, ఒంటి మీద తెలివి లేదు. మీకు ఇరవై ఒకటి నిండలేదు, గదిలో సీసాలున్నాయి. ఫోన్ చేయాలా వద్దా? వెంటనే 911 కి చేయండి. తలుపు తీసి పెట్టండి. కేసులూ వీసాలూ తర్వాత చూసుకోవచ్చు, మనిషిని తెచ్చుకోలేం. సాయం కోసం ఫోన్ చేసినవాళ్లకి మద్యం కేసుల్లో మినహాయింపు ఇచ్చే చట్టాలు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. యూనివర్సిటీలకీ అలాంటి నిబంధనలుంటాయి. మీ దగ్గర ఎలా ఉందో ముందే చూసి పెట్టుకోండి.

సాక్ష్యం నాశనం చేస్తున్నారని తోచినప్పుడు కూడా వారెంట్ లేకుండా రావచ్చు. కెంటకీలో ఒక అపార్ట్‌మెంట్ నుంచి గంజాయి వాసన వస్తే పోలీసులు తలుపు కొట్టారు. లోపల హడావుడి చప్పుళ్లు వినిపించాయి. తలుపు పగలగొట్టి వెళ్లారు. 2011లో సుప్రీంకోర్టు పోలీసుల పక్షమే చెప్పింది. అదే తీర్పులో, వారెంట్ లేని పోలీసు తలుపు కొడితే తీయాల్సిన బాధ్యత గానీ, మాట్లాడాల్సిన బాధ్యత గానీ ఇంట్లోవాళ్లకి లేదని కూడా చెప్పింది. తలుపు మోగగానే గదిలో పరుగులు తీయకండి. దేన్నీ దాచే, పారేసే ప్రయత్నం చేయకండి, అదే పెద్ద నేరమవుతుంది.

మూడో సందర్భం, కంటికి ఎదురుగా కనిపించింది. తలుపు తీస్తే గుమ్మంలోంచి కనిపించేదంతా పోలీసు చూడవచ్చు. మాట్లాడటానికి బయటికి రాక తప్పదనుకుంటే తాళంచెవి జేబులో వేసుకుని, వెనక తలుపు మూసి కారిడార్‌లోకి రండి.

6. ఐడీ ఎప్పుడూ జేబులోనే

చిన్న విషయంలా ఉంది కదూ? 1978 జనవరిలో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో ఒక క్యాంపస్ పోలీసు, డార్మ్ నుంచి జిన్ సీసాతో బయటికొస్తున్న కుర్రాణ్ణి ఆపాడు. ఇరవై ఒకటి నిండినట్టు లేదు. ఐడీ అడిగాడు. గదిలో ఉందన్నాడు కుర్రాడు. "పద, నేనూ వస్తా" అన్నాడు పోలీసు. గుమ్మంలో నిలబడి చూస్తే బల్ల మీద గంజాయి గింజలు, పక్కనే గొట్టం. లోపలికెళ్లాడు. కేసు సీసా పట్టుకున్నవాడి మీదే ఆగలేదు, గదిలో ఉన్న రూమ్మేట్ మీద కూడా పడింది. అరెస్టయిన మనిషి వెంట పోలీసు వెళ్లవచ్చని 1982లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

తర్వాత వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు తమ రాష్ట్ర రాజ్యాంగం ఇంకా ఎక్కువ రక్షణ ఇస్తుందని చెప్పి ఆ సాక్ష్యాన్ని తోసిపుచ్చింది. టెక్సస్‌లో ఉన్న మీ అన్నయ్య చెప్పింది మసాచుసెట్స్‌లో ఉన్న మీకు సరిపోకపోవచ్చంటే కారణం ఇదే. మీ రాష్ట్రం సంగతి అక్కడి లాయరునే అడగండి.

7. రూమ్మేట్‌తో ముందే మాట్లాడుకోండి

మీరు లైబ్రరీలో ఉన్నప్పుడు రూమ్మేట్ "రండి, చూసుకోండి" అంటే? ఇద్దరూ వాడుకునే చోట్ల వరకూ అతని అనుమతి చెల్లుతుంది. తాళం వేసిన మీ సూట్‌కేసుకి మాత్రం సాధారణంగా చెల్లదు. మీరు గదిలోనే ఉండి వద్దంటే? అప్పుడు అతను సరేనన్నా మీ మాటే నిలుస్తుందని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట మీరు అక్కడ ఉండి, నోరు తెరిచి అంటేనే. 2014లో దీనికి ఒక మెలిక వచ్చింది. వద్దన్న మనిషిని చట్టబద్ధంగా అరెస్టు చేసి తీసుకెళ్లాక, మిగిలినవాళ్లు ఒప్పుకుంటే సోదా చెల్లుతుంది.

మాస్టర్స్ చదివే మనవాళ్లలో ఎక్కువమంది డార్మ్‌లో ఉండరు. బయట రెండు పడగ్గదుల అపార్ట్‌మెంట్ తీసుకుని నలుగురైదుగురు సర్దుకుంటారు. ఇక్కడ హక్కు ఇంకాస్త గట్టిది. ఇంటి ఓనరు మీ తరఫున అనుమతి ఇవ్వలేడని 1961 నుంచీ ఉంది. మరి అద్దె తగ్గుతుందని హాల్లో పరుపు వేసుకుని, తెర కట్టుకుని ఉండేవాళ్ల సంగతి? హాలు అందరిదీ కాబట్టి ఎవరు "కమ్ ఇన్" అన్నా మీ పరుపు దాకా వచ్చేస్తారు. మీ పాస్‌పోర్టు, ఐ-20, మందులు, డైరీ తాళం ఉన్న పెట్టెలో పెట్టుకోండి. లీజు మీద మీ పేరు ఉండేలా చూసుకోండి.

ఈ శనివారం అన్నం తిన్నాక అందరూ కూర్చుని ఒక నిర్ణయం తీసుకోండి: ఎవరొచ్చినా, ఇంట్లో ఎవరున్నా, వారెంట్ లేకుండా రమ్మనకూడదు. ఐదు నిమిషాల పని.

8. మీ గదిని మీరే ఒకసారి వెతకండి

సెలవులకి ఇండియా వెళ్తూ స్నేహితులు సూట్‌కేసులు మన దగ్గర పెట్టి వెళ్తారు. మన పద్ధతి అది, కాదనమని చెప్పను. కానీ తెరిచి చూపించాకే తీసుకోండి. మీ అల్మారాలో దొరికింది మీది కాదని నిరూపించుకోవడం ఎంత కష్టమో ఊహించుకోండి.

మందులు. ఇక్కడ మెడికల్ షాపులో అలవాటుగా తెచ్చుకునే అల్ప్రాజోలం, ట్రమడాల్, కోడీన్ కలిసిన దగ్గు సిరప్ అక్కడ నియంత్రిత మత్తుమందుల జాబితాలో ఉన్నాయి. మీ పేరు మీద డాక్టరు చీటీ, అసలు ప్యాకింగు లేకుండా ఒక్క స్ట్రిప్పు కూడా ఉంచుకోకండి. సంచులు విప్పి ఇవాళే చూడండి.

గంజాయి. "మా స్టేట్‌లో లీగలే" అంటారు. ఫెడరల్ చట్టంలో కాదు. వీసా చూసేది ఫెడరల్ ప్రభుత్వం. ఫెడరల్ నిధులు తీసుకునే యూనివర్సిటీలు క్యాంపస్‌లో దాన్ని నిషేధించి తీరాలి. విదేశీ విద్యార్థి తాను వాడానని అధికారి ముందు ఒప్పుకోవడం కూడా రేపు వీసా దగ్గర అడ్డు కావచ్చు.

అగరుబత్తీలు, దీపారాధన, రైస్ కుక్కర్, ఎలక్ట్రిక్ స్టవ్వు కూడా చాలా డార్మ్‌ల్లో నిషేధం. ఇవి నేరాలు కావు. కానీ ఊదుబత్తి పొగకి అలారం మోగితే సిబ్బంది తలుపు తెరుచుకుని వస్తారు, వెనక ఎవరైనా రావచ్చు. బ్యాటరీ దీపం పెట్టుకుంటే దేవుడు కోప్పడడు.

9. ఫోను ఇవ్వకండి

అరెస్టు చేసినా సరే, ఫోను లోపల చూడాలంటే వారెంట్ కావాలని 2014లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. "అన్‌లాక్ చేసి ఒకసారి చూపించు" అంటే అదీ అనుమతి అడగడమే. వేలిముద్ర, ముఖం కంటే అంకెల పాస్‌కోడ్ మంచిది. కోడ్ చెప్పమని ఒత్తిడి చేయడం న్యాయపరంగా వాళ్లకి ఎక్కువ కష్టం. యూనివర్సిటీ వైఫై మీద మీరు చేసేది మాత్రం పూర్తిగా మీ సొంతం అనుకోకండి. నెట్‌వర్క్ భద్రత కోసం వాళ్లు చూడటాన్ని కోర్టులు సమర్థించాయి.

10. వాళ్లు వెళ్లిపోయాక

తలుపు వేసుకోండి. నీళ్లు తాగండి. తర్వాత ఈ వరుసలో చేయండి.

ముందుగా రాసుకోండి. ఎన్ని గంటలకొచ్చారు, ఎంతమంది, పేర్లు, బ్యాడ్జి నంబర్లు, ఎవరు ఏమన్నారు, మీరేమన్నారు, ఏం తెరిచారు, ఏం తీసుకెళ్లారు. గది ఫొటోలు తీయండి. తెల్లారేసరికి సగం మరిచిపోతారు.

రెండోది, లాయరు. చాలా యూనివర్సిటీల్లో స్టూడెంట్ లీగల్ సర్వీసెస్ అనే ఆఫీసు ఉంటుంది, మీ ఫీజులోనే దాని ఖర్చు కలిసి ఉంటుంది. అయితే యూనివర్సిటీకే వ్యతిరేకంగా వెళ్లాల్సిన వ్యవహారాల్లో వాళ్లు సాధారణంగా మీ తరఫున నిలబడలేరు. అప్పుడు బయటి లాయరు పేర్లు వాళ్లనే అడగండి. క్రిమినల్ లాయరుతో పాటు ఇమిగ్రేషన్ తెలిసిన లాయరునీ కలవండి. "చిన్న కేసే, ఒప్పేసుకుంటే జరిమానాతో పోతుంది" అన్న సలహా అమెరికన్ విద్యార్థికి మంచిదే కావచ్చు, మీ వీసాని ముంచవచ్చు. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉందేమో క్లయింటుకి చెప్పడం లాయరు బాధ్యతని 2010లో సుప్రీంకోర్టే తీర్పిచ్చింది. కాబట్టి ధైర్యంగా అడగండి.

అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో మీ డీఎస్‌ఓ, అంటే డెజిగ్నేటెడ్ స్కూల్ అఫీషియల్, మంచివారే అయి ఉంటారు. అయినా కొన్ని విషయాలు సెవిస్‌లో నమోదు చేయడం వాళ్ల చట్టపరమైన విధి. ముందు లాయరు, తర్వాతే డీఎస్‌ఓ.

ఇంటికి ఫోన్ చేయండి, కానీ వాట్సాప్ గ్రూపులో రాయకండి. "నాన్నా, నేను బాగానే ఉన్నాను, లాయరుతో మాట్లాడుతున్నాను" అంటే చాలు. నిజంగా అరెస్టయితే భారత కాన్సులేట్‌కి తెలియజేయమని అడిగే హక్కు అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం మీకుంది. అడగండి.

చివరిగా, క్రమశిక్షణ విచారణకి పిలుపు రావచ్చు. దాన్ని తేలిగ్గా తీసుకునేవాళ్లు చాలామంది. అది కోర్టు కాదు, సాక్ష్యాల నియమాలు అక్కడ వదులుగా ఉంటాయి, మీరు అక్కడ చెప్పింది తర్వాత పోలీసుల చేతికి వెళ్లవచ్చు. సస్పెండ్ అయితే కోర్సులు ఆగుతాయి, కోర్సులు ఆగితే ఎఫ్-1 హోదా ఆగుతుంది. 1961 నాటి ఒక అలబామా కేసు నుంచి, ప్రభుత్వ కాలేజీ ఏ విద్యార్థినైనా బహిష్కరించే ముందు నోటీసిచ్చి, అతని మాట వినాలి. ఆ కేసు వేసింది జాతి వివక్షకి ఎదురు నిలిచి, ఏ విచారణా లేకుండా కాలేజీ నుంచి గెంటేయబడ్డ నల్లజాతి విద్యార్థులు. వాళ్లు పోరాడి తెచ్చిన హక్కు మీకూ దక్కింది. ఆరోపణలు రాతపూర్వకంగా అడగండి. వెంట ఒక సలహాదారుని తెచ్చుకోవచ్చేమో హ్యాండ్‌బుక్‌లో చూడండి. క్రిమినల్ కేసు నడుస్తుంటే విచారణ వాయిదా కోరవచ్చేమో లాయరుని అడగండి. అప్పీలుకి ఇచ్చే గడువు సాధారణంగా కొద్ది రోజులే. ఉత్తరం అందిన రోజే ఆ తేదీని క్యాలెండర్‌లో ఎర్రగా రాసుకోండి.